కడచీల కొట్టే చెయ్యి

ఫిరంగికి కొబ్బరికాయ కొట్టిన ఊళ్ళో నేను ఉద్యోగం చేశాను. ఈ మాట చెప్తే నా స్నేహితులు ఏదో పోలిక చెప్తున్నాననుకుని నవ్వుతారు. పోలిక కాదు. నిజమైన ఇనుప ఫిరంగి, నిజమైన కొబ్బరికాయ. కర్పూరం వెలిగించి, కాయ కొట్టి, ఒక ముక్క నా ముందుకు చాచి "తీస్కో టీచరమ్మా, ప్రసాదం" అన్నారు. నేను తీసుకోలేదు. బడి నుంచి ఆకలితో వచ్చాను, అయినా తీసుకోలేదు. మనుషుల మీదికి గుండ్లు ఉమ్మడానికి పోతపోసిన గొట్టం ముందు పెట్టింది ప్రసాదం ఎట్లా అవుతుందని అడిగాను. "అన్నిటికీ తర్కమేంది నీకు" అని ఆ ముక్కను వాళ్ళే తినేశారు.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది. భద్రాచలంలో హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేదాన్ని. గది మాత్రం గోదావరి బ్రిడ్జికి ఇవతల సారపాకలో కిరాయికి తీసుకున్నాను. నా గదికి నాలుగిళ్ళ అవతల వడ్రంగుల షెడ్డు. రేకుల కప్పు, మట్టి నేల, వాన పడితే తడిసిన రంపపు పొట్టు వాసన. షెడ్డు పనివాళ్ళ సంఘానిది. చుట్టుపక్కల ఊళ్ళలో చిన్న చిన్న గుళ్ళకు రథాలు, ఎడ్లబళ్ళు, తలుపులు, మంచాలు, అన్నీ అక్కడే తయారయ్యేవి.

ఆ షెడ్డుకు ఒక ఆచారం ఉంది. చక్రాలున్న ఏ వస్తువు చేసినా ఆఖరి పని ఒక్కటే. చిట్టచివరి చక్రం జారిపోకుండా ఇరుసు కొసన ఉన్న బెజ్జంలో కడచీల దిగగొట్టడం. వేలెడు లావు కర్రముక్క, అంతే. కానీ ఆ కడచీల ఎవరు కొడితే ఆ పని వాళ్ళది. నలుగురి ముందు కొట్టి, వస్తువు నడిచి చూపించాక, ఆ కొట్టినవాళ్ళు సంఘంలో మనిషవుతారు. అప్పటిదాకా ఎన్నేళ్ళు రంపం లాగినా కూలీయే. సంఘంలో చేరితే పని ఒప్పుకునే హక్కు, పని పంచుకునే హక్కు, కూర్చుని మాట్లాడే హక్కు వస్తాయి. కూలీకి నిలబడి వినే హక్కు ఒక్కటే.

నేను ఆచారాలంటే మురిసిపోయే మనిషిని కాను. కుర్రతనం నుంచీ చర్చా వేదికల మీద పెరిగాను. ముహూర్తాలనూ మడినీ మైలనూ మైకు ముందు నిలబెట్టి నిలదీసిన వాళ్ళ మధ్య మాట్లాడటం నేర్చుకున్నాను. అయినా ఈ ఒక్క ఆచారం నాకు నచ్చింది. ఇందులో పుట్టుక అడగరు, చెయ్యినే అడుగుతారు అనుకున్నాను. అట్లా అనుకోవడం ఎంత తొందరపాటో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ షెడ్డులో ఒక ఆడమనిషి పని చేసేది. ముప్పై దాటని వయసు. సిగలో పూలకు బదులు పెన్సిలు ఉండేది. తండ్రి చర్చిలకు బెంచీలు చేసిన వడ్రంగి. ఆయన చెయ్యి వణకడం మొదలయ్యాక, కట్టె చెక్కే ఆయన బాడిస ఈమె అందుకుంది. నోరు మాత్రం బాడిసకంటే పదును. మగవాళ్ళు ఎకసెక్కాలాడితే రెండింతలు తిప్పికొట్టేది. ఒకడు "ఆడదాని చేతికి గరిటె అందం గాని ఉలేందే" అంటే, "నీ పెండ్లాం చేతిల గరిటె నీ నెత్తిమీద పడ్డప్పుడు సూసినం తియ్యి అందం" అన్నది. షెడ్డంతా నవ్వింది, ఆ అన్నవాడు తప్ప.

ఆమెకు కావలసింది ఒక్కటే. ఒక పని మొత్తం తన చేతిమీద చేసి, కడచీల తను కొట్టాలి. ఏళ్ళ తరబడి కూలీగా ఉంది. తన వెనక వచ్చిన మగపిల్లలు కడచీలలు కొట్టి సంఘం బల్ల మీద కూర్చుంటుంటే ఈమె వాళ్ళకు పలకలు మోసిచ్చేది.

ఒకరోజు సాయంత్రం నేను బస్సు దిగేసరికి పెద్ద మేస్త్రి నా కోసం షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. రథాలు కట్టడంలో ఆ చుట్టుపట్ల పేరున్న మనిషి. చేతిలో ఒక పెద్ద బొమ్మ.

"టీచరమ్మా, గీ ఇంగ్లీషు బొమ్మ జర సదివి పెట్టు. ఫిరంగి బండంట. ఓడల పెడతరంట. మా తాత ముత్తాతలు ఇసొంటిది సూడలే."

సంగతేమిటంటే, కోస్తాలో ఒక ఊళ్ళో సముద్రపు ఒడ్డున కొత్తగా ఒక ప్రదర్శనశాల కడుతున్నారు. పాతకాలపు తెరచాప ఓడల ఫిరంగులు ఇసుకలో దొరికాయి. గొట్టాలు ఇనుపవి కనుక మిగిలాయి. వాటిని మోసిన చెక్క బండ్లు ఎప్పుడో మట్టయిపోయాయి. ఒక బండి పాత పద్ధతిలో, పూర్తిగా చెక్కతో, నడిచేటట్టుగా చేయించాలనుకున్నారు. మంచి టేకు ఇక్కడ దొరుకుతుంది, చక్రాలు చెయ్యడం ఇక్కడివాళ్ళకు వచ్చు. అది బాగుంటే మిగతావీ ఇక్కడికే ఇస్తామన్నారు.

బొమ్మ నేల మీద పరిచి నలుగురం చుట్టూ కూర్చున్నాం. నాకు తెలిసిన ఇంగ్లీషుతో, తెలియనిచోట ఊహతో చెప్పుకుంటూ పోయాను. రెండు దళసరి పక్కపలకలు నిలువుగా ఉంటాయి. వాటి వెనక భాగం మెట్లు మెట్లుగా కోసి ఉంటుంది. గొట్టానికి రెండు పక్కలా చెవుల్లాగా రెండు పొట్టి కడ్డీలుంటాయి, అవి పలకల మీద కోసిన గుంటల్లో కూర్చుంటాయి, పైన ఇనుప పట్టీ. మెట్టు మీద గునపం ఆనించి గొట్టం తోకను పైకి లేపి, కింద ఒక వాలు చెక్క దూరిస్తే ఫిరంగి మూతి ఎంత కావాలంటే అంత వంగుతుంది. కింద రెండు ఇరుసులు, నాలుగు చిన్న చక్రాలు. ఎడ్లబండి చక్రాలకున్నట్టు ఆకులు లేవు, గుండ్రటి దుంగముక్కలే. ముందు చక్రాలు కాస్త పెద్దవి, ఎందుకంటే ఓడ నేల అంచుల వైపు వాలి ఉంటుంది.

అక్కడే మేస్త్రి ఆగిపోయాడు. "గింత బరువుకు గింత చిన్న చక్రాలేంది? పెద్దయి పెట్టాలె. సక్కగ పోతది."

"మేస్త్రీ, అది సక్కగ పోయేటిది కాదు, ఎన్కకు వచ్చేటిది" అన్నది ఆమె. బొమ్మలో పక్కలకు కట్టిన లావుపాటి మోకు మీద వేలు పెట్టింది. "గీ మోకు ఎందుకున్నది మరి?"

అప్పుడు నేను నా పాఠం మొదలుపెట్టాను. పడవ మీంచి ఒడ్డుకు దూకితే పడవ వెనక్కి పోతుంది కదా. గుండు ముందుకు దూకితే ఫిరంగి వెనక్కి తంతుంది. ఆ తాపును బండి ఒంటి మీద తీసుకుంటే పలకలు పగులుతాయి, ఓడ పక్కగోడ చీలుతుంది. అందుకని చక్రాలు వదులుగా ఉండాలి. బండి వెనక్కి పరుగెత్తాలి. కొంతదూరం పోయాక మోకు దాన్ని పట్టుకుని ఆపుతుంది. చక్రం ఆగితే బండి చస్తుంది.

గోదావరి ఒడ్డు మనుషులకు పడవ పోలిక వెంటనే తలకెక్కింది. మేస్త్రికి మాత్రం సగమే ఎక్కింది. ఆయన జీవితమంతా రథాలతో గడిచింది. రథం దగ్గర పనితనమంతా చక్రాన్ని ఆపడంలోనే ఉంటుంది. చక్రం కింద ఎప్పుడు ఏ పక్క అడ్డుదిమ్మె పెట్టాలో తెలిసినవాడే రథం నడిపేవాడు. నిలబడ్డ రథం కింద దిమ్మె లేకపోతే ఆయనకు అన్నం సయించదు. "అడ్డు లేని చక్రం, మొగుడు లేని ఇల్లు ఒకటే" అన్నాడు. "మొగుడున్న ఇండ్లు సూస్తలేమా" అని ఆమె గొణిగింది.

ఆ వారం మేస్త్రికి వైరా వైపు ఒక ఊళ్ళో రథం పని తగిలింది. నెలల పని. ఫిరంగి బండి మీద ఆయనకు మనసు కూడా లేదు. పోతూ పోతూ అందరి ముందూ అన్నాడు: "బిడ్డా, నీకు గింత తెలివి ఉన్నది గద, నువ్వే చెయ్. పలకలు, ఇరుసులు, చక్రాలు అన్నీ నువ్వే. మంచిగ జేస్తే కడచీల నువ్వే కొట్టు."

అవ్, అందరి ముందూ అన్నాడు. నేను ఉన్నాను.

ఆ నెలల్లో బడి అయిపోగానే నేను షెడ్డుకు పోయి కూర్చునేదాన్ని. ఒక వస్తువు కాగితం మీంచి లేచి నిలబడటం చూడటంలో గొప్ప ఆనందం ఉంది. పలకలకు ఆమె టేకు తెచ్చింది. చక్రాలకు ముసలి నల్లతుమ్మ మొద్దు ఏరుకుంది. మొదటి చక్రం మొద్దు ఆరకముందే కోసి పగలగొట్టుకుంది, ఆ రోజంతా ఆ ముక్కలు ముందేసుకుని కూర్చుంది. రెండో మొద్దును నీడలో ఉంచి, రోజూ వచ్చి తట్టి వినేది. ఇరుసులు బాడిసతో చెక్కి, చివరలు నున్నగా గుండ్రంగా తేల్చి, ఆముదం పూసి చక్రం తొడిగి తిప్పితే అది చాలాసేపు తిరిగేది. తిరుగుతుంటే నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేసేది.

ఆ టేకును చూస్తే నాకు వేరే ఆలోచనలు కూడా వచ్చేవి. తెల్లదొరల కాలంలో ఈ అడవి టేకే తెప్పలు కట్టి గోదావరి మీద సముద్రానికి తోసుకుపోయారని ఇక్కడి ముసలివాళ్ళు చెప్పేవాళ్ళు. ఓడలయింది, ఓడల మీది ఫిరంగి బండ్లయింది. ఆ ఫిరంగుల మూతులు మన రేవుల వైపే తిరిగాయి. ఇవాళ అదే అడవిలో ఒక కోయ మనిషి ఇంటి దర్వాజాకు ఒక కర్ర కొట్టుకుంటే ఫారెస్టోళ్ళు పట్టుకుపోతారు. మన చెట్టుతో మన మీదికే ఎక్కుపెట్టిన బండి ఇది. చూడవలసిందే, తెలుసుకోవలసిందే. మొక్కవలసింది మాత్రం కాదు.

కానీ మొక్కారు.

బండి దాదాపు పూర్తయ్యాక గొట్టాన్ని లారీలో పంపారు, గుంటల్లో సరిగ్గా కూర్చుంటుందో లేదో చూసుకోవడానికి. చాలా రోజులుగా ఎండ దంచుతోంది. లారీ షెడ్డు ముందు ఆగి, గొలుసుకప్పీతో గొట్టాన్ని దించుతుండగా వాన పడింది. ఆ కాలంలో వాన పడటం వింత కాదు. అది మబ్బుల పని. కానీ లారీ కింద తలదాచుకున్న ఎవడో "తల్లి వచ్చింది, వాన తెచ్చింది" అన్నాడు. అంతే. మర్నాటికి గొట్టం మీద పసుపు. ఆ మర్నాటికి కుంకుమ. వారం తిరిగేసరికి ఫిరంగమ్మ. కొత్త ఆటో కొన్నవాళ్ళు తీసుకొచ్చి దాని ముందు నిమ్మకాయలు తొక్కించడం మొదలుపెట్టారు. ఒకావిడ పిల్లవాడి దగ్గు తగ్గాలని ఫిరంగి మూతిలో బెల్లం పెట్టింది. చీమలు పట్టాయి. చీమలు పట్టడం కూడా మహిమే అన్నారు!

నేను ఊరుకోలేదు. షెడ్డు ముందు నిలబడి, ఇది తెల్లదొరల కంపెనీ ఓడ ఫిరంగి, దీని గుండ్లకు చచ్చినవాళ్ళు మనలాంటివాళ్ళే, మనల్ని చంపిన ఆయుధానికి మనమే హారతి పట్టడం కన్నా సిగ్గుచేటు ఉంటుందా అని అడిగాను. ఒకాయన చాలా మర్యాదగా, "గంత మందిని సంపిందంటె ఎంత శక్తి ఉన్నట్టు టీచరమ్మా!" అన్నాడు.

మేస్త్రి వైరా నుంచి తిరిగొచ్చాడు. షెడ్డు ముందు జనం చూశాడు. ఆ జనం ఆయన్ను చూసి దారిచ్చారు, "మేస్త్రీ, అమ్మవారి వాహనం నీ షెడ్డులోనే పుట్టింది" అన్నారు. మనిషి ముఖం మారిపోయింది. ఆ సాయంత్రం ఆమెను పిలిచాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"బిడ్డా, పని మంచిగ జేసినవు. కాదనను. గని కడచీల నేను కొడత."

"ఎందుకు?"

"ఇప్పుడది బండి కాదు. వాహనం. రథం ఇరుసును ఆడది ముట్టదు. పైగా నీ మతం ఏరు. జనం ఒప్పుకోరు."

"ఇరుసు నేనే చెక్కిన గద మేస్త్రీ. గప్పుడు ముట్టలేదా? నాలుకతోని చెక్కిన్నా?"

"గప్పుడది కట్టె. ఇప్పుడు అమ్మవారు."

"మరి గట్లయితే అమ్మవారిని పుట్టిచ్చింది నేనే గద. తల్లిని కన్న తల్లిని ముట్టొద్దంటవా?"

చుట్టూ ఉన్నవాళ్ళలో ఒకరిద్దరికి నవ్వొచ్చింది. మేస్త్రికి రాలేదు. నేను అడిగాను, మీరు అందరి ముందూ మాటిచ్చారు కదా అని. "ఇచ్చిన. కాదన్ననా? ఇంకోసారి ఇంకో బండికి కొడతది. ఏం తొందర?" అన్నాడు. నిజంగానే ఆయనకు అందులో అన్యాయం కనిపించలేదు. దుర్మార్గుడితో వాదించడం తేలిక. దయగా తల నిమురుతూ హక్కు లాక్కునే మనిషితో వాదించడమే కష్టం.

ఒకవైపే చెప్తే అబద్ధమవుతుంది. ఆ ఆదివారం ఆమె చర్చికి పోతే అక్కడ పాస్టరుగారు పిలిచి, మొక్కిన వస్తువు విగ్రహమే, విగ్రహం పని చేసిన చేతులతో ప్రభువు బల్ల దగ్గరికి ఎట్లా వస్తావు, ఆ పని వదిలెయ్యి అని చెప్పాడట. ఆమె వచ్చి షెడ్డు అరుగు మీద కూలబడింది. "అక్కా, వాళ్ళేమో నేను ముడితే అది ఖరాబైతదంటరు. వీళ్ళేమో అది ముడితే నేను ఖరాబైతనంటరు. నడుమ కట్టె మాత్రం మంచిగున్నది." నవ్వుతూనే అన్నది. ఉలిని మాత్రం నేలలో గుచ్చి గుచ్చి తీస్తోంది. రెండు మతాలు, ఒకే మాట: నీ చెయ్యి తీసెయ్. ఈ ఒక్క విషయంలో వాళ్ళకు ఎంత చక్కటి ఐకమత్యం!

పరీక్ష రోజు వచ్చింది. కోస్తా నుంచి ప్రదర్శనశాల ఆఫీసరు జీపులో దిగాడు. అంతకుముందే పొద్దున్నే ముహూర్తం చూసి మేస్త్రి కొత్త పంచె కట్టుకుని, వెనక ఎడమ చక్రానికి కడచీల దిగగొట్టాడు. డప్పులు మోగాయి. ఆమె షెడ్డు మూల పలకల దొంతి పక్కన నిలబడి ఉంది, చేతులు కట్టుకుని. దగ్గరికి రావద్దని ముందే చెప్పారు.

ఆఫీసరు బండిని చూసి నోరెళ్ళబెట్టాడు. చూద్దామంటే బండి కనిపిస్తే కదా! అరటి బోదెలు, మామిడి తోరణాలు, బంతిపూల దండలు. చక్రాలు పూలలో పూర్తిగా మునిగిపోయాయి.

"ఏంటండీ ఇదంతా? నేను పెళ్ళికి రాలేదండీ, పరీక్షకొచ్చాను" అన్నాడు.

"పూలు తియ్యొద్దు సార్, అపచారం" అన్నారు.

పరీక్ష సులువే. వెనక్కి వాలుగా మందపు పలకలు పరిచి, గొట్టంతో సహా బండిని పైకొసన నిలబెట్టి తాడుతో ముందుకు కట్టారు. షెడ్డు గుంజలకు లావుపాటి మోకు బిగించారు. ముందువైపు తాడు కోసేస్తే బండి వెనక్కి పరుగెత్తాలి, మోకు దగ్గర ఆగాలి. మందుగుండు లేకుండా ఫిరంగి తాపును అనుకరించడం ఇట్లాగేనని ఆఫీసరు చెప్పాడు.

తాడు కోశారు. బండి కదల్లేదు.

జనం చూస్తున్నారు. ఆఫీసరు మళ్ళీ చూశాడు. బండి కదల్లేదు. "తల్లికి ఇష్టం లేదు" అని ఒక గొంతు. నలుగురు కుర్రాళ్ళు గునపాలతో ముందు నుంచి నెట్టారు. ఒకటి రెండు ఊపులు. ఉన్నట్టుండి ఒక పక్క కిర్రుమని వదులైంది, రెండో పక్క వదల్లేదు. బండి అడ్డంగా తిరిగి, వెనక మూల పలక మీంచి జారి, పక్కపలక పోయి గుంజకు తగిలింది. మెట్టు అంచు ముక్క ఒకటి ఎగిరిపడింది. పక్కనున్న కొబ్బరికాయల గంప నలిగిపోయింది. మనుషులకేమీ కాలేదు.

తర్వాత నేను నా జన్మలో మరిచిపోలేని మాటలు విన్నాను. "నేను ముందే జెప్పిన, గా కిరస్తానీ ఆడది ముట్టింది, గందుకే." "ఆడదాని చెయ్యి పడ్డ ఇరుసు గట్లనే ఇరుగుతది." ఇరుసు విరగలేదు! ఎవరూ వంగి చూడలేదు. నింద వెయ్యడానికి వంగనక్కర్లేదు.

ఆఫీసరు చిరాగ్గా అడిగాడు: "ఎవరండీ ఈ పని చేసింది? ఈ బండి ఎవరిది?"

అందరూ మేస్త్రి వైపు చూశారు. పొద్దున కడచీల కొట్టిన మనిషి. కొత్త పంచె, నుదుట బొట్టు. షెడ్డు ఆచారం ప్రకారం ఆ పని ఆయనది. ఆయన గొంతు సవరించుకుని అన్నాడు:

"నేను చెయ్యలే సార్. చక్రాలు, ఇరుసులు, పలకలు అన్నీ ఆమెనే జేసింది. పని ఆమెది."

నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దున గౌరవం ఆయనది, మధ్యాహ్నం అపవాదు ఆమెది. నేను నోరు తెరిచేలోపే ఆమె మూలలోంచి వచ్చింది. నడిచి వచ్చింది, పరుగెత్తలేదు.

"ఏమన్నవ్ మేస్త్రీ? ఇంకోసారి అను."

"పని నీది అన్న. తప్పా?"

"తప్పేం లేదు. అందరు విన్నరా?" అని జనం వైపు తిరిగింది. "సంఘపోళ్ళు విన్నరా? టీచరక్కా, నువ్వు విన్నవా? పని నాది అన్నడు. మంచిది. ఇగ ఎవ్వరు అడ్డం రాకుండ్రి."

వంగి చక్రాల చుట్టూ ఉన్న బంతిపూలు రెండు చేతులా ఊడబెరికి అవతల పారేసింది. పూల కింద నుంచి పసుపు పూసిన అడ్డుదిమ్మెలు బయటపడ్డాయి. వెనక రెండు చక్రాల కిందా బిగించి కొట్టినవే, ఒకటి మాత్రం సగం జారి ఉంది. చక్రాన్నీ ఇరుసునూ కలిపి చుట్టిన పసుపు దారాలు వేరే. ఆఫీసరు తల పట్టుకున్నాడు. "చక్రాలు కట్టేసి బండి నడవలేదంటారేంటండీ!"

మేస్త్రి ముఖం పాలిపోయింది. "పూజ చేసిన వాహనం దిమ్మె లేకుండ ఎట్ల నిలవెడతం సార్..." అన్నాడు. అది ఆయన చేతులకు ఏళ్ళ తరబడి అలవాటైన పని. దేవుడు రథం మీదుంటే చక్రం తనంతట తాను కదలకూడదు. రథానికి అది నిజం. ఫిరంగి బండికి అదే చావు. బొమ్మ ముందు కూర్చున్న రోజు మేం చెప్పిందంతా ఆయన విన్నాడు. బండి బండిగా ఉన్నంతకాలం గుర్తుంది. అమ్మవారయ్యేసరికి బుద్ధి పక్కకు తప్పుకుంది. మూఢనమ్మకంతో ఎవరికీ నష్టం లేదని వాదించేవాళ్ళకు నేను ఆ విరిగిన మెట్టు ముక్క చూపిస్తాను. భక్తి పెట్టిన దిమ్మె వల్ల బండి అడ్డం తిరిగింది, నింద పోయి పని చేసిన చేతి మీద పడింది. మన దేశంలో ఇది ఒక్క షెడ్డు కథ కాదు.

ఆమె సుత్తితో దిమ్మెలు రెండూ తన్నగొట్టింది. దారాలు ఉలితో కోసింది. "అయ్యో, అయ్యో" అని ఎవరో అన్నారు. తర్వాత వెనక ఎడమ చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, మేస్త్రి పొద్దున ముహూర్తం చూసి కొట్టిన కడచీలను కింద నుంచి తట్టి పైకి లేపి, వేళ్ళతో పట్టి పీకేసింది. దాన్ని మేస్త్రి చేతిలో పెట్టింది.

"ఇది నీది. ఉంచుకో."

సిగలోంచి పెన్సిలు తీసినట్టే కొంగు ముడిలోంచి ఇంకో కడచీల తీసింది. సండ్ర కర్రది, ఎర్రగా, నున్నగా ఉంది. ఎప్పుడో చేసి పెట్టుకుంది. బెజ్జంలో పెట్టి సుత్తితో కొట్టింది. డప్పులు లేవు. సుత్తి చప్పుడు ఒక్కటే. దిగిన తర్వాత కూడా ఇంకో దెబ్బ వేసింది, అది మాత్రం పనికోసం కాదు.

బండిని మళ్ళీ పైకొసకు చేర్చడానికి కుర్రాళ్ళు ముందుకు రాలేదు. ఆఫీసరు చొక్కా చేతులు మడిచి మొదట చెయ్యి వేశాడు. నేను వేశాను. సంఘంలో ఒకరిద్దరు తలలు వంచుకుని వచ్చారు. చివరికి, ఇది కూడా చెప్పాలి, మేస్త్రి వచ్చి వెనక నుంచి భుజం పెట్టాడు, ఎవరి ముఖమూ చూడకుండా.

తాడు కోశారు. ఈసారి బండి ఆగలేదు. దడదడమని పలకల మీద వెనక్కి పరుగెత్తింది. మోకు బిగిసి మూలిగింది. షెడ్డు గుంజలు ఒక్కసారి వణికాయి. బండి ఆగింది. చక్రాలు నాలుగూ నేల మీదే ఉన్నాయి. ఆఫీసరు "అదండీ!" అని చప్పట్లు కొట్టాడు. విరిగిన మెట్టు అంచుకు ముక్క అతికితే చాలన్నాడు, మిగతా బండ్లు కూడా ఈ చేతికే ఇస్తానన్నాడు. సంఘం పెద్దలు కాసేపు గుసగుసలాడుకుని, ఆచారం ఆచారమే కనుక, ఆమెను బల్ల మీద కూర్చోమన్నారు. కూర్చున్నది. కాలు మీద కాలు వేసుకుని మరీ కూర్చున్నది.

ఇక్కడితో కథ గెలిచిందని రాస్తే చదివేవాళ్ళకు హాయిగా ఉంటుంది. నాకు ఆ హాయి దక్కలేదు. ఇంటికి పోతుంటే జనం మాటలు వినబడ్డాయి. తల్లి మొదట అలిగిందట, కొబ్బరికాయల గంప బలి తీసుకుని శాంతించిందట, అందుకే రెండోసారి నడిచిందట. దిమ్మెలు తీస్తే నడిచిందని ఒక్కరూ అనలేదు. కళ్ళముందు జరిగిన దాన్ని కూడా చూడకుండా చెయ్యగల శక్తి ఒకటుంది. దాని ముందు ఫిరంగి ఏపాటిది!

మర్నాడు ఆదివారం. నేను పోయేసరికి ఆమె చర్చికి పోలేదు, షెడ్డులో ఉంది. గొట్టం లారీ ఎక్కింది. బండి పక్కపలకల మీద పసుపూ కుంకుమా నూనెతో కలిసి టేకులోకి ఇంకిపోయి మరకలయ్యాయి. ఆమె చిత్రిక పడుతోంది. ఒక్కో తోపుకూ పొర లేచి, ఎర్రగా పచ్చగా చుట్టలు చుట్టుకుని నేల మీద పడుతోంది. కింద నుంచి శుభ్రమైన టేకు రంగు బయటికొస్తోంది. నాకు చాలా రోజుల తర్వాత ఊపిరి ఆడినట్టయింది.

అంతలో ఆ వీధిలోనే ఉండే ఒక ముసలామె వచ్చి, వంగి, ఆ కుంకుమ చుట్టలను ఒక్కొక్కటే ఏరి కళ్ళకద్దుకుని ఒళ్ళో వేసుకోవడం మొదలుపెట్టింది. నేను గొంతు సవరించుకున్నాను. ఆమె చిత్రిక ఆపి, నా వైపు వద్దన్నట్టు చెయ్యి చూపి, ముసలామెతో అన్నది:

"పెద్దమ్మా, కండ్లకద్దుకుంటె ఏమొస్తది? తీస్కపోయి పొయ్యిల పెట్టు. ఎండిన టేకు, జల్దీ అంటుకుంటది."

ముసలామె కాసేపు ఒళ్ళోకి చూసుకుంది. "నిజంగ అంటుకుంటదా బిడ్డా? నా కట్టెలు పచ్చియి ఉన్నయి" అని, ఈసారి రెండు చేతులతో, దోసిళ్ళ కొద్దీ ఎత్తుకోసాగింది.